నూకరాజు అన్నయ్య, మంచు బండి
నిఖిలా, సిద్ధూ, ఒక ప్రశ్న అడుగుతాను. మూతలేని సీసాలో పట్టినంత గాలి ఉందనుకోండి, వేడిగా ఉన్నప్పుడు బరువా, చల్లగా ఉన్నప్పుడు బరువా? ఆ, చల్లగా ఉన్నప్పుడే. ఎంత తొందరగా చెప్పేశారో! ఆ మాట చెప్పాల్సిన చోట నేను చెప్పలేదర్రా. మా అన్నయ్య నూకరాజు, అదే, మీ అమ్మకి మేనమామ, మీరు ఫోటోలోనే చూశారు, ఇక్కడే పాసిర్ రిస్ సముద్రం ఒడ్డున పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "రెండో సిలిండర్‌కి జలుబు చేసిందిరోయ్" అనేవాడు. విప్పి చూస్తే అదే. రెండువేలో, కాదు, తొంభైతొమ్మిదిలో, ఎవరి నోట విన్నా కంప్యూటర్లే. ఆ ఊపులో ఒక టౌకే, యజమాని అన్నమాట, ఈ ఎండల ఊళ్ళో పెద్ద షెడ్డు కట్టి లోపల మంచు పరిపించాడు. పిల్లల్ని లాక్కుంటూ తిరగడానికి కెనడా నుంచి కొత్త స్నోమొబైల్ తెప్పించాడు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, చక్రాలుండవు. దానికి మెకానిక్కు ఇక్కడెవరు దొరుకుతారు? అన్నయ్యని పెట్టుకున్నారు. పేరు కుట్టిన చొక్కా ఇచ్చారు, యాభై ఎనిమిదేళ్ళకి మొదటిసారి! వీధంతా ఆ చొక్కాతోనే తిరిగాడు.

షెడ్డులో మైనస్ అయిదు. పొగ వస్తుందని లోపల సర్వీసు చెయ్యనిచ్చేవారు కాదు. బండిని వెనక ఎండలోకి తోసుకొచ్చి స్టార్ట్ చేస్తే ఒకటే పొగ, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోవడం. తుడిచి పెడితే మళ్ళీ తడే. వారం రోజులు అదే పని. చివరికి కంపెనీ పుస్తకం నా దగ్గరికి తెచ్చాడు. "ఏటి పంతులమ్మా, జెట్టు ఏది వెయ్యమంటాది?" జెట్టంటే పెట్రోలు వెళ్ళే చిన్న ఇత్తడి కన్నం. ఎంత చలికి ఏ జెట్టో చెప్పే పట్టిక సున్నా నుంచి కిందకే ఉంది, మైనస్ నలభై దాకా. "మన ముప్పైరెండుకి గడే లేదు అన్నయ్యా" అన్నాను. "అయితే ఈ పుస్తకం మనది కాదు. నా చెవుందిలే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పెట్రోలు తక్కువ వెళ్ళేలా సన్న కన్నం జెట్టు వేశాడు. ఎండలో ఇంజను కుట్టుమిషన్‌లా నడిచింది. లోపల రెండు చుట్లు తిరిగేసరికి పిస్టన్ బిగుసుకుపోయి పట్టేసింది. చల్లటి గాలి చిక్కన కదా, దానికి పెట్రోలు ఎక్కువ కావాలి. చాలక మాడిపోయింది. మాకు తట్టలేదు. మూడు వారాలకి కొత్త పిస్టన్ వచ్చింది. మళ్ళీ ఎండలోనే విన్నాడు, మళ్ళీ పట్టేసింది. "అంకుల్, న్యూ మెషిన్ లా! హౌ కెన్?" అని, కొత్త బండి ఇలా ఎలా పాడవుతుందని, టౌకే అందరి ముందూ అరిచాడట.

అక్కడ కంప్యూటర్లు చూసే భరద్వాజ్, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవాడు, కంపెనీకి ఈమెయిలు పెట్టి జవాబు ప్రింటు తీసి ఇంటికే తెచ్చాడు. "బాగుచేసే చోటు వేడి కాదంట అంకుల్, బండి తిరిగే చోటు చలి చూడాలంట. మైనస్ అయిదు గడి." అంతే. ముప్పై ఏళ్ళు క్లాసులో సీసా, బెలూను పెట్టి నేను చెప్పిన పాఠమే. అన్నయ్య నా వంక చూసి "నీకు తెలుసు కదే?" అన్నాడు. కోపంగా కూడా కాదు.

చొక్కా మడిచి ఇచ్చేశాడు. పడవలవాళ్ళు పిలిచినా "ఇంకెవరినైనా చూసుకోండి" అనేవాడు. పోయే ముందు ఏడాది, మా ఫ్రిజ్ గరగరమంటుంటే కావాలనే అడిగాను, ఒక్కసారి విని చెప్పు అన్నయ్యా అని. దాని పక్కనే కూర్చున్నాడు. "నాకు వినపడదమ్మా" అన్నాడు. రేడియో ఎంత సన్నగా పెట్టుకునేవాడో, చెవులు బాగానే...

లేవండి, లేవండి. చిక్కుళ్ళు సగమే ఒలిచాను.