చినలంక రాయి చదివిన రోజు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తలో, రాజోలు దగ్గర చినలంకలో కాలవ తవ్వుతుంటే అక్షరాలు చెక్కిన రాయొకటి బయటపడింది. ఊరి మునసబు మాణిక్యాలరావు వెంటనే ‘పూర్వచరిత్ర సభ’ పెట్టి, ఆ రాతని అందరికీ చదివి వినిపిస్తామని చాటించాడు. ఆ రోజు రానే వచ్చింది. పందిట్లో తెర వెనక ఆయన వీధిబడి పంతులు అప్పారావుని పట్టుకున్నాడు.

"చదవడం రాదంటే ఏవిటండీ పంతులుగారూ! బయట రెండూళ్ళ జనం కూచున్నారు!"

"రాదనలేదండి మునసబుగారూ. రావట్లేదన్నాను."

"తేడా ఏవిటండి?"

"రాదంటే నా తప్పండి. రావట్లేదంటే రాయి తప్పండి."

"మూడు నెల్లు! మూడు నెల్లు దీని ముందు కూచుని తలూపేరు కదండీ! చదువుతున్నారనుకున్నాను!"

"మెడ నొప్పండి."

"పెదలంక పెద్ద ముత్యాలరాజుగారు ముందు వరసలో కూచున్నారండీ. నేనే పిలిచేను. మా చినలంక ఎంత గొప్పదో వచ్చి వినండని వాళ్ళ వీధిలో దండోరా వేయించేను. ఇప్పుడెళ్ళి రాయి తప్పని చెప్పమంటారా?"

"పోనీ ఏదో ఒకటి చదివెయ్యనా అండి? ‘స్వస్తిశ్రీ’ అని మొదలెట్టి..."

"తరవాత?"

"తరవాత దగ్గొస్తుందండి."

"ఎంతసేపని దగ్గుతారండీ!"

"మునసబుగారండి..."

"ఎవరది? పైడమ్మా? పడవ రేవులో వదిలేసి నీకిక్కడేం పని?"

"ఏటిగట్టు సంగతండి. గండి పూడ్చకపోతే ఈ వరదకి మా పల్లె మొత్తం..."

"చరిత్ర చెప్పుకుంటోంటే మధ్యలో గట్టేవిటి పైడమ్మా!"

"చరిత్ర ఎక్కడికీ పోదు కదండీ. గట్టే పోయిందండి."

"మనవాళ్ళు చాలరు. పెదలంకవాళ్ళు సాయం రామన్నారు. నన్నేం చెయ్యమంటావు? ఆ మాట రేపు."

"ఆయ్. రేపేనండి... అదేవిటండి, ఈ రాయిలో సూర్యుడూ చంద్రుడూ కిందున్నారు?"

"కిందుంటే?"

"ఏం లేదండి. మా పల్లెలో అయితే పైనుంటారండి."

"పంతులుగారూ."

"ఆయ్."

"మూడు నెల్లు తలకిందులుగా చదివేరా?"

"చదవలేదండి. అందుకే రాలేదండి."

"పట్టండి! తిప్పండి! పైడమ్మా, నువ్వూ ఓ చెయ్యెయ్యి!"

"అమ్మో, నా కాలండీ!"

"కాలు తరవాత చూద్దాం పంతులుగారూ, ముందు చదవండి!"

"ఉండండుండండి... ‘స్వస్తిశ్రీ’... నిజంగానే ఉందండోయ్! చినలంక... పెదలంక... ఓ."

"ఓ ఏవిటండి?"

"రెండో వరస... ఓహో."

"మళ్ళీ మెడ నొప్పా?"

"కాదండి. పైడమ్మా, మన గండి ఎంత మేర ఉంటుంది?"

"నలభై బారలుంటుందండి."

"మరి పెదలంకవాళ్ళ గట్టో?"

"వాళ్ళకి రెండు గండ్లండి. ఒక్కోటీ మనదానికి రెట్టింపుంటుందండి."

"రెండా! సరే, తెర తీయించండి మునసబుగారూ."

"ముందు నాకు చెప్పండి, ఏం రాశారో!"

"అందరితోపాటు విందురుగాని రండి."

తెర తీశారు. ముందు వరసలో ముత్యాలరాజు మీసం సవరించుకున్నాడు. అప్పారావు రాయి మీద వేలు పెట్టి గొంతెత్తాడు.

"‘స్వస్తిశ్రీ. చినలంక అను ఊరు పెదలంకకు శివారు. పెదలంక చేతికింద ఊరు.’"

"పంతులుగారూ!"

"చదవమన్నారు, చదువుతున్నానండి మునసబుగారూ."

"మళ్ళీ చదవండి పంతులుగారూ! మా పెదలంక వాళ్ళందరికీ వినపడేలా గట్టిగా చదవండి!"

"ముత్యాలరాజుగారూ, మీరు కాస్త కూచోండి..."

"ఎందుకు కూచుంటానండి మాణిక్యాలరావుగారూ! మా వీధిలోకొచ్చి దండోరా వేయించేరు కదా, వినమని? విన్నాం! మీది మా చేతికింద ఊరు! ఇంతమంది ముందు చెబుతున్నాను, ఈ రాతలో ప్రతి అక్షరం మాకు శిరోధార్యం!"

"ప్రతి అక్షరమాండి, రాజుగారూ?"

"ప్రతి అక్షరం పంతులుగారూ! మాటంటే మాటే!"

"అయితే రెండో వరసండి. ‘శివారు ఊరి ఏటిగట్టు తెగినచో పెద్ద ఊరివారే తమ పారలతో, తమ మనుషులతో వచ్చి పూడ్చవలెను.’"

"మా పారలతోనా అండి?"

"‘తమ అన్నము తామే తెచ్చుకొనవలెను.’"

"అన్నం కూడానా అండి?"

"మూడో వరసండి, రాజుగారూ."

"రాజుగారండి, నేను పైడమ్మనండి. పొద్దున్నే పడవ మీ రేవుకి తెస్తానండి. ఎంతమందొస్తారండి?"

"నలభై... నలభైమంది."

"ఆయ్. అయితే రెండు పడవలు తెస్తానండి."

జనం వెళ్ళిపోయారు. మాణిక్యాలరావు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని పందిట్లో కూలబడ్డాడు.

"గట్టు దక్కింది కానీ పరువు పోయింది పంతులుగారూ. రేపట్నుంచి ఆ పెదలంక వీధిలో ఏ మొహం పెట్టుకుని నడుస్తానండీ?"

"ఓ మాట చెబుతాను, బయటికి పొక్కనివ్వనని ఒట్టేస్తారా అండి?"

"ఒట్టు. ఇంక పొక్కడానికేం మిగిలింది కనక?"

"ఊళ్ళ పేర్లు అటూ ఇటూ మార్చి చదివేనండి. రాయి మీదున్నది, పెదలంకే మన శివారని."