జేబులో టోకెను

"రేపు నువ్వు ఆ గదిలోకి వెళ్ళగానే బయట నుంచి తలుపు గడియ పెట్టేస్తేనో?"

సెలవు రోజు మధ్యాహ్నం. రేపటి విచారణకు కూతురు వేసుకోవలసిన బట్టలను తల్లి ఇస్త్రీ చేస్తోంది. కూతురు నేల మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది.

"అమ్మా, అది ఆఫీసు గది. జైలు కాదు."

"ఏమో తల్లీ. గడియ అన్ని తలుపులకీ ఉంటుంది."

"లోపల ఫిర్యాదులు వినే కమిటీవాళ్ళు నలుగురుంటారు. వాళ్ళకి పెద్దగా కూర్చునేది ఆడమనిషే. ఇంకొకావిడ బయట నుంచి వస్తుంది, ఆవిడకి కంపెనీ జీతం ఇవ్వదు. చట్టం అలా పెట్టమంది."

"చట్టానికేం, ఎన్నయినా పెట్టమంటుంది. మనవైపు ఎవరైనా దాన్ని కళ్ళతో చూశారా?"

"నేను చూశా. కంపెనీలో మంచినీళ్ళ డ్రమ్ము వెనక గోడకి అంటించి ఉంది. డ్రమ్ము జరిపి చదివా."

"ఎవరూ చదవకూడదనే కదా డ్రమ్ము అడ్డం పెట్టింది? నిన్నెవరు జరపమన్నారు?"

"ఎలాగూ నీళ్ళు తాగట్లేదుగా. ఆ టైములో చదువుకున్నా."

"తాగకే కదా జ్వరం తెచ్చుకున్నావు! ఆపుకోవద్దని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది."

"ఆపుకోక? బాత్రూంకి వెళ్ళాలంటే టోకెను ఉండాలి. మా కుట్టు లైను మొత్తానికీ ఒక్కటే టోకెను. ఇదివరకు గోడ మీద మేకుకి వేలాడేది. ఈ సూపర్‌వైజరు వచ్చాక ఆయన ప్యాంటు జేబులోకెక్కింది. 'నా చేతులు ఖాళీ లేవు, నువ్వే తీసుకో' అంటాడు. ఆ చేతులు వెనక కట్టుకుని మరీ అంటాడు."

"చెప్పకే! నేను వినలేను."

"రేపు అక్కడ చెప్పాలిగా. నీ దగ్గర అలవాటు చేసుకుంటున్నా."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెస్తున్నావు. ఇంకో కంపెనీలో చేరకూడదూ? కుట్టుపని ఎక్కడైనా కుట్టుపనే."

"జేబులు కూడా ఎక్కడైనా జేబులే."

"అదుగో, ఆ నోరే నీ కొంప ముంచుతుంది. రేపు మాట తడబడితే అబద్ధమంటారు. గట్టిగా మాట్లాడితే గయ్యాళి అంటారు. ఏడిస్తే నాటకమంటారు. ఏడవకపోతే..."

"ఏడవకపోతే ఏమంటారు?"

"ఏదో ఒకటి అంటారు! వాళ్ళకి మాటలు తక్కువా?"

"అననీ. ఎవరేమన్నా రాసుకోవాలి. చివరికి ఏం తేల్చారో నాకో కాపీ ఇవ్వాలి."

"పని పీకేస్తే?"

"ఫిర్యాదు చేశానని పీకకూడదు. పీకితే దాని మీద ఇంకో ఫిర్యాదు."

"ఇంకోటా! ఒక్కదానికే ఇంత గొడవవుతుంటే!"

"విచారణ అయ్యేదాకా వేరే లైనుకి మార్చమని అడిగే హక్కుంది. అడిగా. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలన్నారు. తేదీలతో సహా రాసిచ్చా."

"అన్నీ చేశావు. మరి సాక్షి?"

"బొత్తాలు కుట్టే అక్క చెప్తానంది. నిన్న కనబడితే మొహం తిప్పుకుంది. కాలర్లు కుట్టే వదినేమో, 'నా కాపురం కూల్చకు తల్లీ' అంది."

"పిల్లి మెడలో గంట కట్టాలంటే అందరూ ఎలకలే. నువ్వొక్కదానివే నిలబడ్డావు."

"సాక్షి లేకపోయినా వింటారు. కాకపోతే ఆ సూపర్‌వైజరు, 'టోకెను ఎప్పుడూ మేకుకే ఉంటుంది, జేబు సంగతంతా కట్టుకథ' అని రాసిచ్చాడట."

"కట్టుకథా! వాడి మొహం..."

"ఏంటమ్మా?"

"ఏం లేదు. బట్ట మాడేలా ఉంది."

"కరెంటు పోయి పావుగంటైంది."

"... ఫ్యాను ఆగిందేమిటా అనుకున్నా."

"అమ్మా, నిన్న మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావు?"

"నేనెక్కడికెళ్తాను? సబ్బు కోసం."

"సబ్బేది?"

"దొరకలేదు."

"ఊళ్ళో సబ్బు దొరకలేదా! మా గేటు దగ్గర వాచ్‌మన్ నాకు గొడుగిచ్చాడు. 'మీ అమ్మగారు మర్చిపోయారు' అన్నాడు. ఆ సూపర్‌వైజరు దగ్గరికెళ్ళావా?"

"బతిమాలుకుందామనే! చిన్నపిల్ల, తెలియక రాసింది, వదిలెయ్యండి బాబూ అన్నా. తప్పా?"

"నా తరఫున తప్పు ఒప్పుకొచ్చావా?"

"ఒట్టి నోటిమాటేనే. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కళ్ళజోడు తేలేదని చెప్పి లేచొచ్చేశా."

"నీకు కళ్ళజోడే లేదుగా!"

"అందుకే తేలేదు."

"నవ్వించకు. నాకు కోపంగా ఉంది. ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అనకపోతే నిన్నటి నుంచి ముద్ద ఎందుకు ముట్టలేదు?"

"వయసైపోతోంది, ఆకలి చచ్చింది."

"అమ్మా. లైనులో ఎవరూ నోరు విప్పరు. ఆయన నీతో ఏమన్నాడో అది నువ్వు చెవులారా విన్నావు. అదీ సాక్ష్యమే."

"అమ్మో, నన్నొదిలెయ్. నాలుగో తరగతి దాన్ని. పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. ఒకటి అనబోయి ఒకటంటా, నీ పని కాస్తా పాడవుతుంది. రేపటి నుంచి వాడు మన వీధిలో తిరిగితే? నీకు దారి కాస్తే?"

"సరే."

"కోపమా?"

"కాదు. నువ్వు రావద్దు. నేనొక్కదాన్నే వెళ్తా, ఉన్నది ఉన్నట్టు చెప్తా. వీళ్ళు వినకపోతే కోర్టుంది, అక్కడా చెప్తా. ఎన్ని మెట్లున్నా ఎక్కుతా. వాడి జేబులో మాత్రం చెయ్యి పెట్టను."

కరెంటు వచ్చింది. ఫ్యాను గాలికి కాగితాలు చెదిరితే కూతురు ఒక్కొక్కటే ఏరుకుంది. తల్లి కదల్లేదు.

"అమ్మా, ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది."

"'నలభై మంది నా జేబులో చెయ్యి పెట్టారు, నీ కూతురి చెయ్యేమన్నా బంగారమా' అన్నాడు. నా మొహం మీదే అన్నాడు, పళ్ళికిలిస్తూ అన్నాడు. రాసుకో. ఒక్క ముక్క మార్చకు. సాక్షి అన్నచోట నా పేరు పెట్టు."