బంకరాళ్లను బతికించిన మా నీళ్ల మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు ఏడో తేదీ, సోమవారం ఉదయం మా చేపపిల్లల కేంద్రంలో నీటి పరీక్షల సహాయకులుగా చేరిన నాటి నుండి, ఈ నెలాఖరున ప్రధాన పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, మేమందరం నీళ్ల మాస్టారని పిలుచుకునే గౌరవనీయులు స్థిమితంగా కూర్చోగా చూసినవారు ఈ ఆవరణలో లేరనే చెప్పాలి. మేతగదిలో వారికన్నా ముందు చేరి, వారు వెళ్లాక కూడా మేత కలుపుతూ ఉండబోయే ముసలిదాన్ని కనుక ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మాటలు నన్ను రాయమన్నారు. మాట్లాడమంటే పొద్దుగూకే దాకా మాట్లాడతాను గాని రాయమంటే చేయి తడబడుతుంది, పెద్దమనసుతో సర్దుకోండి.

వారు చేరిన ఏడాదే రెండో షెడ్డు కట్టారు. కొత్త గులకరాళ్లు కడిగి వడపోత తొట్టిలో పోసి, అద్దంలా మెరిసే నీటిలో చేపపిల్లల్ని వదిలారు. వారం తిరగకుండానే అవన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. చచ్చినవాటిని గంపలతో ఎత్తిపోశాం. మాస్టారు మేతగది గుమ్మంలో నిలబడి, "నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా పెద్దమ్మా, వీటికేమొచ్చింది?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే వారి ఉద్యోగ జీవితమైంది. నాకు వారెలా చెప్పారో అలాగే చెబుతాను. చేపలు వదిలే వ్యర్థంలోని అమ్మోనియా చేపలకే విషం. రాళ్ల మీద పట్టే జారుడు బంకలో కంటికి ఆనని బాక్టీరియా కాపురం ఉంటుంది. మనం తిన్న తిండిని పీల్చిన గాలితో ఒంట్లో కరిగించుకుని సత్తువ తెచ్చుకున్నట్టే, ఆ బాక్టీరియా అమ్మోనియాను నీటిలోని ప్రాణవాయువుతో కలిపి, ఆ కలయికలో పుట్టే శక్తితో బతుకుతుంది. అయితే వాటిలో రెండు రకాలు. మొదటి రకం వదిలేది నైట్రైటు, అదీ విషమే. రెండో రకం దాన్ని తిని, చేపకు అంతగా కీడు చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఆ తిండిలో దక్కే శక్తి బహు స్వల్పం గనుక రెండూ నిదానంగా పెరుగుతాయి; కడిగిన కొత్త రాళ్ల మీద అవి ఇంకా పుట్టలేదు, అందుకే అప్పటి పిల్లలు పోయాయి.

"ఒకళ్ల ఎంగిలి ఇంకొకళ్లకి విందు పెద్దమ్మా. ఇద్దరికీ గాలి ఆడాలి. ఆడకపోతే ముందు వాళ్లు పోతారు, వెనకాలే చేపలు పోతాయి" అనేవారు.

"చిటికెడు బంకలో ఇంత సంసారమా!" అన్నాను.

అది తెలిసిన నాటి నుండి కరెంటు పోయి, రాళ్ల మీద నీళ్లు పోసే మోటారు ఆగిందంటే చాలు, వారి గుండె గుభేలుమనేది. పర్యవేక్షకులుగా పదోన్నతి పొందిన ఏడు ఒకనాడు పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా కరెంటు పోయింది. మెడకు కట్టిన గుడ్డతో, దవడలో దూదితో పరుగెత్తుకొచ్చి, మాట పెగలక, చెంబుతో నీళ్లు తోడి రాళ్ల మీద ఎత్తిపోయడం మొదలుపెట్టారు. ఆయనకేమో అయిందని మేం హడలిపోయాం. తరువాత అర్థమై, తలో చెంబూ పట్టుకున్నాం. ఆ పన్ను మాత్రం ఈనాటికీ సగమే బాగైంది.

ఆ గాబరాతోనే ఇంటి మేడ మీద ఒక నీలం డ్రమ్ములో ఇక్కడి రాళ్లు కొన్ని, చేపలు కొన్ని వేసి, గాలి మోటారు పెట్టి ఏళ్ల తరబడి సాకారు. వారి సతీమణి కనబడినప్పుడల్లా నాతో మొర పెట్టుకునేది. "బట్టలారేసుకునే చోట ఆ బురద డ్రమ్మేంటి పెద్దమ్మా? నన్ను తిన్నావా అని అడగరు గాని, దాన్ని అడుగుతారు!"

ఇక గడిచిన నెల సంగతి. దాచవద్దని కొత్త మేనేజరు గారే నాతో అన్నారు. అది వారి పెద్దరికం. మాస్టారు పింఛను పని మీద వెళ్లిన రోజున, ఈ సంచికలో వేసే ఫొటోలో అంతా శుభ్రంగా కనబడాలని మేనేజరు గారు షెడ్లతో పాటు వడపోత రాళ్లను కూడా బ్లీచింగ్ పౌడరుతో తోమించారు. కేంద్రమంతటికీ ఇప్పుడు ఉన్న వడపోత తొట్టి అదొక్కటే.

తిరిగొచ్చిన మాస్టారు తెల్లగా మెరుస్తున్న రాళ్లను చూశారు. "ఎవరు కడిగారు?"

"మీ కోసమేనండీ. ఫొటో బాగుండాలని..." అన్నారు మేనేజరు గారు.

మాస్టారు తిట్టలేదు. వంగి ఒక రాయి తీసి వేలితో రుద్ది చూశారు, జారలేదు. రెండు షెడ్ల నిండా పిల్లలు, పెంచి పెద్ద చేసిన తల్లిచేపలు. బంకతో పాటు బాక్టీరియా అంతా పోయిందని అప్పుడు గాని మేనేజరు గారికి తెలియలేదు.

మర్నాటికి మందు చుక్కలు వేస్తే పరీక్ష గొట్టంలో పసుపుగా ఉండవలసిన నీరు ఆకుపచ్చగా తిరిగింది; అమ్మోనియా పేరుకుంటోంది. ఆ మధ్యాహ్నమే మాస్టారి కబురందుకుని గేటు దగ్గర వ్యాను ఆగింది. మాస్టారి సతీమణి బట్టలన్నీ తడుపుకుని, బకెట్లతో దిగింది. "ఇవిగో నా సవతులు. మెల్లిగా దింపండి!" మా ఏడుపుముఖాల్లోనూ నవ్వు పుట్టింది.

బంక పట్టిన మేడ మీది రాళ్లను, పాలకు తోడు వేసినట్టు, కడిగిన రాళ్ల మధ్య సర్దారు. మేత సగానికి తగ్గించమన్నారు. "ఆకలికి చావవా మాస్టారూ?" అన్నాను. "ఆకలికి నాలుగు రోజులు ఓర్చుకుంటాయి పెద్దమ్మా, విషానికి పూటైనా ఓర్చుకోలేవు." రోజూ కొంత నీరు తీసి కొత్త నీరు పెట్టాం. ఆకుపచ్చ పలచబడి, ఒకనాటికి పసుపైంది. మేం కేకలు పెట్టాం. మాస్టారు రెండో మందు సీసా తీసి చుక్కలు వేశారు. నీరు చిక్కని గులాబీ రంగుకు తిరిగింది, అది నైట్రైటు.

"మొదటి వాళ్లు లేచారు. రెండో వాళ్లింకా కళ్లు తెరవలేదు" అన్నారు. చేపలు తట్టుకోవడానికి నీటిలో ఉప్పు కలిపించారు.

"మీరు వెళ్లేలోపు తగ్గుతుందా మాస్టారూ?" మేనేజరు గారు అడిగారు.

"తగ్గకపోతే మీరు చూసుకోవాలి."

"నాకు భయంగా ఉందండీ."

"ఉండనివ్వండి. నాకూ చేరిన ఏడు నుంచీ అదే ఉంది."

నేనిది రాసే వేళకు గులాబీ రంగు పలచబడిందే గాని పోలేదు. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మాస్టారు ఉలిక్కిపడి మేతగది గుమ్మం దాకా వచ్చేసరికి, మేనేజరు గారు ఒక కాలికే చెప్పుతో, చేతిలో చెంబుతో తొట్టి దగ్గర ఉన్నారు. మాస్టారు అది చూసి, వెనక్కి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఆ మనిషి పని వేళలో కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

మాస్టారూ, ఆ గాబరా ఇక మాకు వదిలేయండి. పాడైన ఆ పన్ను బాగు చేయించుకోండి. మేడ మీద మీ ఆవిడ బట్టలారేసుకుంటుంటే పక్కన కుర్చీ వేసుకోండి. కరెంటు పోయినా కన్ను తెరవనంత హాయిగా నిద్రపోతూ, నిండు ఆరోగ్యంతో, నిబ్బరమైన గుండెతో, చల్లగా నూరేళ్లు వర్ధిల్లండి. నీటి రంగు మారగానే కబురు నేనే తెస్తాను.