చెత్త గడి

నీళ్ల పరీక్షశాలలో ఇరవై ఏళ్లు నాచు లెక్కపెట్టి రిటైరైన పెద్దమనిషి, అదే కుర్చీలోకి వచ్చిన కూతురు పక్కకి జరిగితే మైక్రోస్కోపులోకి తొంగిచూశాడు.

"నాచుకి అంటుకున్న ఆ బుడిపెలేంటి నాన్నా?"

"చెత్తమ్మా. నాకు తెలీదా!"

"చెత్త కాదు, బూజు. ఇంత పెద్ద నాచు నీటిపురుగుల నోట్లో పట్టదు. బూజు దాన్ని తిని సన్నటి బీజాలు వదిలితే, వాటితో పురుగులు బతుకుతాయి. పురుగులతో చేపలు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అయితే ఇరవై ఏళ్లూ బుద్ధిగా తప్పు రాశానన్నమాట."

"నీ పాత రిజిస్టర్లు చూశాను. చెత్తని ఎవరూ లెక్కపెట్టరు కదా, నువ్వెందుకు పెట్టావు?"

"కంటికి కనిపించాక ఎలా వదిలేస్తాను? నవ్వితే నవ్వారని, 'చెత్త' అని వేరే గడి గీసి వారం వారం ఎన్నున్నాయో వేశాను."

"నా రిపోర్టులో ఆ గడి పేరొక్కటే మార్చాను నాన్నా. అంకెలన్నీ నీవే."