పిల్లప్ప తిప్పిన రెండు చుట్లు

ఏమప్పా వినయూ, ఏం చదువుతా ఉండానంటివి? పబ్లిక్ మేనేజ్‌మెంటా? దేశదేశాల్లో సర్కారు పనులు ఎట్ల నడుపుతారనా? సరిపోయింది, అయితే మా పిల్లప్ప సంగతి రాసుకో. ఎవురంటే ఏం చెప్పేది! మన కాటన్‌పేటకు నీళ్ళొదిలే నీరుగంటి. భుజమెత్తు ఇనుప కీ పట్టుకోని పొద్దన్నే వీధివీధీ వాల్వులు తిప్పుకుంటా పోయేవాడు. నోట్లో బీడీ ఆరేది లేదు, వాళ్ళమ్మ ఎంత తిట్టేదో... అది పోనీలే. నేనప్పుడు నీళ్ళాఫీసులో గుమాస్తా. ఇరవై ఏండ్ల కిందట, వాల్వులన్నీ కంప్యూటరే తిప్పేమాదిరి చేస్తామని డెన్మార్క్ నుంచి ఒకామె వచ్చింది. మంచి మనిషే, ఎండలో మాతోపాటే నడిచింది. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో పిల్లప్ప చెప్పాల, ఆమె రాసుకోవాల. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆమెకు మన మాట రాదు. నడాన ఇద్దరి మాటా అటూ ఇటూ చెప్పేవాణ్ణి నేను.

గడగడా చెప్పుకుంటా వచ్చినోడు మన గొంది కాడ నిలబడిపోయినాడు. "సార్, ఆఫీసు కాయితంలో ఎనిమిది చుట్లుండాది. నేను తిప్పేది పది. కడాన గౌరమ్మ ఇల్లు మిట్ట మీదుండాది గదా, ఎనిమిదికి నీళ్ళెక్కవు. సరిగ్గా చెప్పు సార్" అన్నాడు. నేను లోపల లెక్కేసుకుంటి. రూలు మీరి ఇన్నేండ్లు తిప్పినాడని తెలిస్తే మెమో ఇస్తారే, ఆయన రిటైరయ్యేదానికి ఆరు నెలలుండాది, పింఛనీ ఆపేస్తే? ఆమెకు ఎనిమిదే అని చెప్పేస్తి. కింద సంతకమూ పెడితి. "చెప్పినావా సార్?" అన్నాడు. "చెప్పినానప్పా" అన్నా.

మిషను వచ్చింది. ఎనిమిదంటే ఎనిమిదే, తప్పే చెయ్యదు. గౌరమ్మ కొళాయి ఎండింది. పిల్లప్ప రిటైరైనాక కూడా వచ్చి, ఆ కొళాయి కింద చెయ్యి పెట్టి చూసి, "అంత దూరం నుంచి వచ్చి లెక్క తప్పేసిందే సార్ ఆ యమ్మ!" అనేవాడు. పోయేదాకా ఆమెనే తిట్టుకున్నాడప్పా. ఆయన పోయినాక ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పినా. స్క్రీను చూపించి, "నీరుగంటి చెప్పిందే గదా సార్, కింద మీ సంతకమే ఉండాది" అన్నాడు కుర్చీలో ఉన్నోడు. చిన్న పిల్లోడు, మర్యాదగానే అన్నాడు.

దినామూ ఇదే యాళకు వస్తుంది... అదిగో, గౌరమ్మ. లేయప్పా, ఆ బిందె అందుకో, మన కొళాయి కింద పెట్టు. ఏమీ అడగొద్దు. నిండినాక నువ్వే ఆమె ఇంటిదాకా మోసుకోని పో.