ఇరుక్కున్న తూటా

2009 అక్టోబర్. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్ దాటాక ఒక షూటింగ్ క్లబ్. హైస్కూలు పిల్లల పోటీకి ఇంకాస్త టైముంది. ప్రాక్టీస్ స్టాండ్ దగ్గర ఉమాకాంత్, మొరాయిస్తున్న తుపాకీతో కూతురు దేదీప్య. వెనక బెంచీ మీద శాలువా కప్పుకుని ఉమాకాంత్ తల్లి శేషమ్మ. ఉమాకాంత్ మొహం చూస్తే జబ్బు చేసింది తుపాకీకి కాదు, తనకే అన్నట్టుంది.

"మళ్ళీ ఇరుక్కుందా దీపూ?"

"మళ్ళీ, నాన్నా. ఖాళీ షెల్ సగం బయటికొచ్చి స్టక్ అయింది."

"గొట్టం కిందికే ఉంచు. వేలు అక్కణ్ణుంచి తియ్యి. ఆ... ఇటివ్వు. లైట్ షెల్సేనా వేశావు?"

"కోచ్ ఇచ్చినవే."

"అదీ సంగతి! ఇది సెమీ ఆటోమేటిక్ కదమ్మా. పేలినప్పుడు వచ్చే గ్యాసే బోల్ట్‌ని వెనక్కి తోసి, ఖాళీ షెల్‌ని బయట పడెయ్యాలి. మందు తక్కువైతే ఆ ఊపు చాలదు. ఇదిగో, హెవీ లోడ్. ఇది వేసి కొట్టు."

"కోచ్‌కి చెప్పేద్దాం నాన్నా. గన్ పని చెయ్యట్లేదు అని."

"చెబితే? ఇవాళ కూడా గన్ ఆగితే టీమ్‌లోంచి తీసేస్తానన్నాడు. మర్చిపోయావా? కొట్టు, కొట్టు."

"ఒరే ఉమా, చెవులు పగిలిపోతున్నాయిరా!"

"దూది పెట్టుకోమన్నానుగా అమ్మా! ఏమైంది దీపూ?"

"ఇరుక్కుంది."

"దీనికి కూడానా? బేస్‌మెంట్‌లో చెమ్మ తగిలిందేమో ఈ డబ్బాకి... ఉండు, కొత్త డబ్బా విప్పుతా. ఒక్కటొక్కటే మార్చుకుంటూ పోవాలి. కార్ల ప్లాంట్‌లో లైన్ ఆగితే మేం ఇంతే చేసేవాళ్ళం. ఊఁ, కొట్టు."

"కొట్టాను."

"ఏం?"

"సేమ్. నాన్నా, వదిలెయ్. ప్లీజ్."

"వదిలెయ్యడమేంటే! తూటాల తప్పు కాదని తేలింది, అంతే. ఇటివ్వు. బోల్ట్ చూడు, ఎంత బద్ధకంగా కదులుతోందో. లోపల ఇదేంటి, తెల్లగా? పేరుకున్న నెయ్యిలాగా... ఆగు, ఆగు. కొబ్బరి నూనె వాసన! అమ్మా!"

"నామీదెందుకురా అరుస్తావు?"

"దసరాకి దీనికి కూడా ఆయుధ పూజ చేశావుగా?"

"చేశాను. కారుకి చేశాను, మిక్సీకి చేశాను, దీనికీ చేశాను. తప్పా?"

"కొబ్బరి నూనె ఎవరు పొయ్యమన్నారు? ఈ చలికి గడ్డకట్టి బోల్ట్‌ని పట్టేసింది!"

"నూనె ముట్టలేదురా. పైన బొట్టు పెట్టాను, ముందు నిమ్మకాయ పెట్టాను, దణ్ణం పెట్టుకున్నాను. అంతే."

"మరి దానంతటదే పోసుకుందా? నీకు ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదమ్మా. మొన్న స్టవ్ ఆపడం కూడా మర్చిపోయావు."

"మర్చిపోయాను, నిజమే... పోశానేమో నాయనా. ఏమో. పిల్లదాని పోటీ పాడుచేశానా? అయ్యో దేవుడా! దీపూ, నన్ను తిట్టుకోకే తల్లీ."

"స్టాప్, నానమ్మా. నువ్వు కాదు."

"నువ్వుండు దీపూ. ఆ టిష్యూలు అందుకో, గబగబా తుడిచేస్తా."

"ఉమా, ఆ టోపీ పెట్టుకున్నాయన చెయ్యి ఊపుతున్నాడురా ఇటు."

"కోచ్. టైమైపోయిందంటాడు. దీపూ, టిష్యూలు!"

"నానమ్మ కాదు నాన్నా! నేనే పోశాను. పూజ అయ్యాక. బాత్రూమ్‌లో నా హెయిర్ ఆయిల్ గట్టిగా అయిపోయింది కదా, అది చూసి..."

"నువ్వా?"

"ఊఁ."

"కావాలనా?"

"ఊఁ."

"ఎందుకే?"

"నాకు షూటింగ్ ఇష్టం లేదు. ఫస్ట్ నుంచీ లేదు."

"మరి ఆ మాట నాతో చెప్పొచ్చుగా తల్లీ! కొడతానా? తిడతానా? మానేస్తానంటే సరేననేవాణ్ణిగా?"

"చెబుదామని వచ్చా. చాలాసార్లు."

"వస్తే? నేనేమన్నాను?"

"ఏం అనలేదు. నేనే వెళ్ళిపోయా."

"ఎందుకు?"

"జాబ్ పోయాక నువ్వు షేవ్ చేసుకునేది నా ప్రాక్టీస్ ఉన్న రోజే, నాన్నా."