తోట రైలు కొక్కేలు

వరంగల్, 1979. దూది మిల్లు యజమాని వెంకట్రాజం బంగళా తోటలో, గడ్డి మీద వేసిన బుల్లి పట్టాలపై బొమ్మ రైలు తిరుగుతోంది. పక్కన మిల్లు ఫిట్టర్ అబ్బాస్. ఎదురుగా మిల్లు కూలీ రాయమల్లు భార్య చిలుకమ్మ.

“మీరే చేసిండ్రు సేటూ! మా ఆయన నడుము మీదికి ట్రాలీ తోలింది మీరే!”

“గొంతు తగ్గియ్యి చిలుకమ్మా. లోపల సుట్టాలున్నరు.”

“ఇననియ్యి! ముందటి ట్రాలీకి ఎనక ట్రాలీని తగిలించే ఇనుప కొక్కెం ఉండేది గదా? మొన్న దాని జాగల తాడెందుకున్నది?”

“ఏమో. నీ మొగడే కట్టుకున్నడు. దూది బేళ్ల ట్రాలీలు ఎనకకెల్లి నెట్టేది వాడే గదా.”

“కొక్కెం లేకుంటె ఏం కడ్తడు, పేగులు కడ్తడా? ఏటవాలు ఎక్కుతాంటె తాడు తెగింది. బేళ్లతోని సహా ఎనక ట్రాలీ ఆయన మీదికి...”

“జరుగు, జరుగు! పట్టాలు తొక్కకు. జర్మనీ సామాను అది.”

“మనిషి నలిగినంక గూడ రైలాడుతాన్నవా సేటూ?”

“ఇయ్యాల మనుమడి పుట్టినరోజు. ఏం జేయమంటవ్, నీతోని కూసోని ఏడ్వమంటవా? దవాఖానకు పండ్లు పంపిస్త, పో. అబ్బాస్, రైలుకు గా రెండో డబ్బా ఎందుకు ఊగుతాంది?”

“కొక్కెం జర బిగువున్నది సేట్. ఆకురాయి వడితె సరిపోతది.”

“అబ్బాసన్నా, నువ్వన్న జెప్పు. ట్రాలీ కొక్కెం యాడ వోయింది?”

“నాకేం దెల్సు వదినా... నేను నిన్నటి సంది ఈడనే...”

“నా మొకం జూసి జెప్పు.”

“పోయిందంటె పోయింది. అరిగింది. నాకు పిల్లలున్నరు వదినా.”

“నాకు లేరా?”

“అరే అబ్బాస్, ఆమెతోని నీకేం ముచ్చట? రాయమల్లే గా కొక్కెం పీకి పాత ఇనుమోనికి అమ్మిండు. కల్లు తాగిండు. అంతే.”

“అమ్మలే సేట్.”

“ఏమన్నవ్?”

“అమ్మలే అంటాన్న. మీ రైలు కొక్కేలు ఇరిగినయ్. కొత్తయి జర్మనీకెల్లి రాలే, హైదరాబాద్ల దొరకలే. రేకుతోని చేస్తె ఇచ్చుకుపోయినయ్, తీగెతోని చేస్తె సాగినయ్. ఇంజనొక్కటే ముందు వోయేది, డబ్బాలు ఎనకనే ఉండేటియి. మీ మనుమడు ఏడ్సిండు. అప్పుడు మీరేమన్నరు? ట్రాలీది ఇంగ్లీషోళ్ల నాటి గట్టి ఇనుము, దాన్ని కోసి చెయ్యి, కూలోళ్లకు తాడు చాలు అన్లే?”

“అన్నా... గీ డబ్బా డబ్బాకు నడుమ మెరుస్తాన్నయే, గవ్వేనా?”

“గవ్వే వదినా. నా చేతులతోనే కోసిన.”

“అబ్బాస్! రేపటి సంది మిల్లుల అడుగు వెట్టకు. చిలుకమ్మా, నువ్వు ఇను. వీడు అబద్ధాలకోరు. పొద్దుగాల నేనే దవాఖానకు వోయిన. రాయమల్లు నా చెయ్యి వట్టుకొని ఏడ్సిండు. ‘సేటూ, కొక్కెం నేనే తీసిన, తప్పు నాదే, నా పెండ్లాం లొల్లి వెడితె మన్నించుండ్రి’ అన్నడు.”

“ఎప్పుడు?”

“చెప్పిన గదా. ఇయ్యాల పొద్దుగాల.”

“నోరిప్పి మాట్లాడిండా?”

“మంచిగ మాట్లాడిండు. తేరుకుంటాండు. నువ్వేం ఫికర్ జేయకు, ఇంటికి పో.”

“నిన్న దీపాలు వెట్టే యాళ్లకే ఆయన పానం వోయింది సేటూ. పీనుగు నీ మిల్లు గేటు కాడున్నది. కూలోళ్లంత దాని సుట్టూ కూసున్నరు. లే! ఆపు రైలు! గా కొక్కేలు ఒక్కొక్కటి నీ చేతులతోనే ఊడదియ్యి. పిడికిట్ల వట్టుకొని నడువు నాతోని. వాటిని యాడికెల్లి కోయిపిచ్చినవో ఆయన పీనుగు ముంగట, కూలోళ్లందరు ఇనేటట్టు, నీ నోటితోనే జెప్పు!”